బ్రిటన్‌లో ఇంటి ముందు కారవాన్‌కి కరెంటు: ఏ సాకెట్ పెట్టించుకోవాలి?

బ్రిటన్‌లో ఉంటూ కారవాన్ (కారు వెనక తగిలించి లాగే ఇల్లులాంటి బండి) గానీ మోటర్‌హోమ్ (తనంతట తానే నడిచే అలాంటి బండి) గానీ కొన్న మనవాళ్లకు, బండి డ్రైవ్‌వే మీదకు రాగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది: దీనికి ఇంటి నుంచి కరెంటు ఎలా ఇవ్వాలి? క్యాంప్‌సైట్‌లో అయితే స్తంభానికి నీలం సాకెట్ ఉంటుంది. నారింజ రంగు కేబుల్ తగిలిస్తే పని అయిపోతుంది. ఇంటి దగ్గర ఆ ఏర్పాటు ఉండదు. కొందరు గ్యారేజీలోంచి ఎక్స్‌టెన్షన్ లాగుతారు. కొందరు బయటి గోడకు మామూలు 13 ఆంప్ సాకెట్ పెట్టిస్తారు. ఇంకొందరు క్యాంప్‌సైట్‌లో ఉండే 16 ఆంప్ నీలం సాకెట్‌నే పెట్టించుకుంటారు. సోలార్ ప్యానెల్‌తో సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు.

ఎక్కువమంది ధర చూసి తేల్చుకుంటారు. నా ఉద్దేశంలో ధర కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఇంటి దగ్గర నిలిపి ఉంచినప్పుడు కారవాన్‌లో ఏమేం నడుపుతారనేది ఒకటి. మీ ఇంటికి ఎర్త్ ఎక్కడి నుంచి వస్తోందనేది రెండోది. ఈ రెండో ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. ప్రాణం మీదకు తెచ్చేది మాత్రం అదే.

ఎంత కరెంటు కావాలి

బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీ దిగిపోకుండా ఉంటే చాలు అనుకునేవాళ్ల అవసరం చాలా చిన్నది. కారవాన్‌లో ఉండే చార్జర్ గట్టిగా పనిచేస్తున్నప్పుడు కూడా రెండు మూడు వందల వాట్లు దాటదు. ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఫ్రిజ్ చల్లబరచాలనుకుంటే దానికి మరో 150 నుంచి 250 వాట్లు. పాత కారవాన్లలో ఎక్కువగా ఉండే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ ఇంటి ఫ్రిజ్‌లాగా త్వరగా చల్లబడదు, రాత్రంతా పడుతుంది. అందుకే ఇంటి దగ్గర కరెంటు కావాలని అందరూ అడుగుతారు. రెండూ కలిపినా రెండు ఆంప్‌ల చిల్లర. ఇంతవరకైతే ఏ సాకెట్ అయినా మోస్తుంది.

లెక్క మారేది వేడి దగ్గర. కారవాన్ రూమ్ హీటర్ రకాన్ని బట్టి 1 నుంచి 3 కిలోవాట్ల వరకు లాగుతుంది. నీళ్ల హీటర్ దానికి అదనం. ఇంట్లో వాడే కెటిల్ ఒక్కటే 3 కిలోవాట్ల దాకా ఉంటుంది కాబట్టి దాన్ని బండిలోకి తీసుకెళ్లకండి. కారవాన్ల కోసం అమ్మే చిన్న కెటిల్ కిలోవాట్ లోపే ఉంటుంది. 230 వోల్టుల దగ్గర 13 ఆంప్‌లంటే సుమారు 3 కిలోవాట్లు, 16 ఆంప్‌లంటే 3.7 కిలోవాట్లు. తేడా చిన్నదే అనిపిస్తుంది. అసలు తేడా ఎంతసేపు మోయగలదన్న దాంట్లో ఉంది. చదరపు పిన్నుల 13 ఆంప్ ప్లగ్గులో ఫ్యూజు కూడా లోపలే ఉంటుంది. గంటల తరబడి నిండు లోడు పడితే ప్లగ్గు, సాకెట్ రెండూ వేడెక్కుతాయి. ఎలక్ట్రిక్ కార్లతో ఇచ్చే 13 ఆంప్ ప్లగ్గు చార్జర్లను 10 ఆంప్‌ల దగ్గరే ఆపేస్తారు, కారణం ఇదే. గుండ్రటి పిన్నుల నీలం సాకెట్‌ను పారిశ్రామిక వాడకం కోసం తయారుచేశారు. 16 ఆంప్‌లు అంటే రాత్రంతా 16 ఆంప్‌లు మోస్తుంది.

మన ఇళ్లలో ఈ అవసరం ఒక ప్రత్యేక రూపంలో వస్తుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు కొన్ని నెలల కోసం వస్తారు, అత్తగారి తరఫు వాళ్లు అదే సమయానికి వస్తారు, మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు చాలదు. ఎవరో ఒకరు కారవాన్‌లో పడుకుంటారు. అక్టోబర్ దాటితే రాత్రంతా హీటర్ నడవాల్సిందే. మీ ఇంట్లో ఈ పరిస్థితి వచ్చే అవకాశం ఉంటే, చిన్న అవసరం అని మొదలుపెట్టకుండా మొదటే పెద్ద లెక్క వేసుకోండి. మనుషులు పడుకునే బండికి ఎర్త్ విషయంలో సర్దుబాటు అస్సలు పనికిరాదు.

ఎర్త్ సంగతి

మన ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడు పక్కనే గుంత తవ్వి, రాడ్డో ప్లేటో దించి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తింగ్ చేయడం చూసే ఉంటారు. ఆ ఇంటి ఎర్త్ ఆ ఇంటి నేలలోనే ఉంటుంది. బ్రిటన్‌లో ఈ పద్ధతిని టీటీ అంటారు. ఇక్కడ ఇది ఎక్కువగా తలపై తీగలతో కరెంటు వచ్చే పల్లె ఇళ్లలో కనిపిస్తుంది. పట్టణాల్లో, కొత్త కాలనీల్లో ఎక్కువ ఇళ్లకు ఎర్త్ కరెంటు కంపెనీ కేబుల్ నుంచే వస్తుంది. వీధిలో వచ్చే ఒకే తీగ న్యూట్రల్‌గానూ ఎర్త్‌గానూ పనిచేస్తుంది. మీటర్ దగ్గర దాన్ని రెండుగా విడదీస్తారు. దీన్ని పీఎంఈ అని పిలుస్తారు. మీటర్ దగ్గరి సర్వీస్ ఫ్యూజు పెట్టె మీద ఆ లేబుల్ చాలాసార్లు అంటించి ఉంటుంది. మూడో రకంలో ఎర్త్ పాత కేబుల్ పైనుండే సీసం తొడుగు ద్వారా వస్తుంది. కానీ ఆ వీధి కేబుల్‌ను మధ్యలో ఎక్కడో మార్చి ఉండవచ్చు కాబట్టి, జాగ్రత్తపరులైన ఎలక్ట్రీషియన్లు దాన్ని కూడా పీఎంఈ లాగే చూస్తారు.

పీఎంఈతో ఇంటి లోపల ఇబ్బంది లేదు. చిక్కు ఆ ఎర్త్‌ను ఇంటి బయటికి, అదీ ఇనుప ఛాసీ ఉన్న బండికి తీసుకెళ్లినప్పుడు వస్తుంది. వీధిలో ఎక్కడో ఆ ఉమ్మడి తీగ తెగిందనుకోండి. మీ ఇంట్లో వాడుతున్న కరెంటుకు తిరిగి వెళ్లే దారి ఉండదు. అది ఎర్త్ తీగల్లోకి మళ్లుతుంది. ఎర్త్‌కు కలిసిన ప్రతి లోహం మీదా ప్రమాదకరమైన వోల్టేజీ వస్తుంది. ఇంట్లో కుళాయి, రేడియేటర్, వాషింగ్ మెషీన్ అన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి కాబట్టి వాటి వోల్టేజీ అంతా ఒకేసారి లేస్తుంది, మధ్యలో ఉన్న మనిషికి తేడా పెద్దగా తెలియదు. కారవాన్ దగ్గర అలా కాదు. బండి రబ్బరు టైర్ల మీద ఉంది, దాని ఒళ్లంతా ఆ వోల్టేజీ. తడి గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పట్టుకున్న పిల్లాడి పాదాలు నేల మీద ఉన్నాయి. కరెంటు నేలలోకి వెళ్లేది ఆ పిల్లాడి ఒంట్లోంచే.

ఇక్కడ చాలామంది చెప్పే మాట ఒకటుంది: ‘ఆర్‌సీడీ ఉంది కదా, అది కొట్టేస్తుంది.’ కొట్టదు. ఆర్‌సీడీ అంటే లీకేజీ కనిపెడితే కరెంటు తెంచేసే స్విచ్చు. అది చూసేది ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అనే. ఇక్కడ కరెంటు ఎర్త్ తీగ గుండా వస్తోంది. ఆ తీగ ఆర్‌సీడీలోంచి వెళ్లదు. ఒకవేళ ఆర్‌సీడీ పడిపోయినా ఎర్త్ తీగ తెగదు, అలాగే కలిసి ఉంటుంది.

ఈ తీగ తెగడం రోజూ జరిగేది కాదు. కానీ జరుగుతుంది. అందుకే బ్రిటన్‌లో 2002 నాటి విద్యుత్ సరఫరా భద్రతా నిబంధనల్లో తొమ్మిదోది, ఉమ్మడి న్యూట్రల్–ఎర్త్ తీగను కారవాన్ లేదా పడవ లోహభాగాలకు కలపకూడదని సూటిగా చెబుతుంది. కాబట్టి పీఎంఈ ఇంట్లో కారవాన్ సాకెట్ పెట్టాలంటే దానికి ఇంటి ఎర్త్ ఇవ్వకుండా, మన ఊళ్లోలాగా విడిగా ఒక రాడ్డు దించి, ఆ సాకెట్ ఎర్త్ పిన్నును ఆ రాడ్డుకే కలపాలి. మన తాతల ఇంటి పద్ధతి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. బొగ్గూ ఉప్పూ అవసరం లేదు. రాగి పూత ఉన్న ఉక్కు రాడ్లు దొరుకుతాయి, ఒకటి చాలకపోతే దాని మీద ఇంకొకటి బిగించి దించుతారు.

గ్యారేజీలోంచి ఎక్స్‌టెన్షన్

అందరూ మొదట చేసేది ఇదే. ఒక పక్క 13 ఆంప్ ప్లగ్గు, రెండో పక్క నీలం సాకెట్ ఉన్న చిన్న అడాప్టర్ కొని, క్యాంప్‌సైట్‌లో వాడే ఆ నారింజ రంగు హుక్అప్ కేబుల్‌కి తగిలిస్తారు. ఖర్చు చాలా తక్కువ. నెలకొకసారి కొన్ని గంటలు బ్యాటరీ చార్జ్ చేయడానికి, ప్రయాణం ముందు ఫ్రిజ్ చల్లబరచడానికి ఎక్కువమంది ఇలాగే చేస్తున్నారు. సాకెట్ పాతదైతే వెనకాల ఆర్‌సీడీ ఉండకపోవచ్చు, అది ముందు చూసుకోండి. ఇంకో మాట, అడాప్టర్ వాడినా బండికి వెళ్లేది అదే ఇంటి ఎర్త్. సాకెట్ చిన్నదైనంత మాత్రాన పైన చెప్పిన ప్రమాదం చిన్నది కాదు. బండిలో ఎవరూ లేనప్పుడు, కాసేపు, మీ కళ్ల ముందే ఉన్నప్పుడు మాత్రమే అనే హద్దు పెట్టుకోవాలి. పిల్లలు బండి చుట్టూ ఆడుతున్నప్పుడు తీసేయాలి.

కేబుల్‌ను డ్రమ్ముకి చుట్టి ఉంచి వాడకండి. చుట్ట మీద లోడు పడితే వేడి బయటికి పోక ఇన్సులేషన్ కరుగుతుంది. నేల మీద పూర్తిగా విప్పి పరవండి. బండి వీధిలో ఉంటే ఫుట్‌పాత్ మీదుగా కేబుల్ వేయడం గురించి ఆలోచించనే వద్దు. ఎవరైనా తట్టుకుని పడితే బాధ్యత మీదే.

బయటి గోడకు 13 ఆంప్ సాకెట్

మూతపెట్టి ఉండే, దుమ్మూ నీళ్లూ లోపలికి పోవని చెప్పే ఐపీ66 గుర్తున్న జంట సాకెట్ ఇది. వెనక గదిలోని సర్క్యూట్ నుంచి గోడకు కన్నం పెట్టి తేలిగ్గా తీయవచ్చు. గడ్డి కోసే మిషన్, ప్రెషర్ వాషర్, దీపావళికి సీరియల్ లైట్లు అన్నింటికీ పనికొస్తుంది. తోట కోసం ఎలాగూ సాకెట్ కావాలనుకునేవాళ్లకు ఇది మంచి ఎంపిక.

కారవాన్ కోసమే అయితే నేను దీన్ని సిఫారసు చేయను. ఎర్త్ ఇంటిదే కాబట్టి ఆ చిక్కు అలాగే ఉంది. అడాప్టర్ ఇంకా కావాలి. అడాప్టర్ ప్లగ్గు పెట్టాక మూత సరిగ్గా పడుతుందో లేదో చూసుకోవాలి, కొన్ని మోడళ్లలో పడదు. మూత పడకపోతే పెట్టె మీద రాసిన ఐపీ66కి అర్థం లేదు. పైగా గదిలో ఉన్న సాకెట్లతో ఒకే సర్క్యూట్ పంచుకోవడం వల్ల, కారవాన్‌లో నీళ్ల హీటర్ ఎలిమెంట్ తడిసి చిన్న లీకేజీ వచ్చినా ఇంట్లో ఆ భాగమంతా ఆరిపోతుంది. మీరు ఊళ్లో లేని రోజు అలా జరిగితే ఫ్రీజర్‌లోదంతా పోతుంది. డబ్బు పెట్టి గోడకు కన్నం పెట్టించి కూడా సగం పని మిగిలిపోయే ఎంపిక ఇది.

16 ఆంప్ నీలం సాకెట్, విడి సర్క్యూట్, విడి రాడ్డు

ఇంటి దగ్గర కారవాన్‌ను నిజంగా వాడేవాళ్లకు నా సలహా ఇదే. ఫ్యూజు బాక్సులో దీనికంటూ ఒక ఆర్‌సీబీవో (ఆర్‌సీడీ, బ్రేకర్ రెండూ ఒకటిగా ఉన్నది), అక్కడి నుంచి నేరుగా కేబుల్, గోడ మీదో డ్రైవ్‌వే చివర చిన్న స్తంభం మీదో సాకెట్. క్యాంప్‌సైట్‌లో వాడే కేబుల్‌నే ఇక్కడా వాడతారు, అడాప్టర్ గొడవ లేదు. స్విచ్చు ఉన్న ఇంటర్‌లాక్ రకం తీసుకుంటే, స్విచ్చు వేసి ఉండగా ప్లగ్గు బయటికి రాదు. పిల్లలున్న ఇంట్లో ఆ కొంచెం అదనపు ధర పెట్టవచ్చు.

ఆర్‌సీబీవో ఎంపికలో మూడు విషయాలు పట్టుబట్టి అడగండి. 30 మిల్లీఆంప్‌లది కావాలి. ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌ను కూడా తెంచేది కావాలి. టైప్ ఏ కావాలి, పాత టైప్ ఏసీ వద్దు. కారవాన్ చార్జర్‌లాంటి ఎలక్ట్రానిక్ సామాను ఎర్త్‌లోకి వదిలే లీకేజీ శుభ్రమైన ఏసీ రూపంలో ఉండదు, టైప్ ఏసీ దాన్ని సరిగ్గా పసిగట్టలేకపోవచ్చు. ఇంట్లో వేరే ఆర్‌సీడీ వెనకాల ఈ సర్క్యూట్‌ను పెట్టొద్దని కూడా చెప్పండి. పెడితే కారవాన్ లీకేజీకి ఇల్లు ఆరిపోయే పాత కథే మళ్లీ.

రాడ్డు విషయంలో ఆర్‌సీడీ తప్పనిసరి ఎందుకంటే, నేల గుండా తిరిగి వెళ్లే కరెంటు మామూలు బ్రేకర్‌ను పడగొట్టేంత ఎక్కువగా ఉండదు. 30 మిల్లీఆంప్ ఆర్‌సీడీతో లెక్క ప్రకారం రాడ్డు నిరోధం 1667 ఓమ్‌ల దాకా ఉన్నా ఫరవాలేదు. అయినా 200 ఓమ్‌లు దాటితే ఆ ఎర్త్ రుతువులతో పాటు మారిపోతూ ఉంటుందని నమ్మకం పెట్టుకోరు. బంకమట్టి నేలలో ఒక్క రాడ్డుతో సరిపోవచ్చు. ఇసుక, సున్నపురాయి నేలల్లో లోతుగా దించాల్సి వస్తుంది. దించే ముందు గ్యాస్, నీళ్ల పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో చూడకుండా సుత్తి ఎత్తకూడదు.

స్థలం ఎంపిక మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు గానీ, చాలా ముఖ్యం. కారవాన్ ఇప్పుడు రాడ్డు ఎర్త్ మీద ఉంది, ఇల్లు పీఎంఈ మీద ఉంది. ఒక మనిషి ఒక చేత్తో కారవాన్‌ను, ఇంకో చేత్తో ఇంటి ఎర్త్‌కు కలిసిన లోహాన్ని ఒకేసారి తాకగలిగితే పెట్టిన ఖర్చంతా వృథా. బయటి కుళాయి, ఇనుప బాడీ ఉన్న గోడ దీపం లాంటివి బండికి కనీసం రెండున్నర మీటర్ల దూరంలో ఉండేలా చూసుకోండి. బండిని గోడకు ఆనించి నిలపాల్సినంత ఇరుకు డ్రైవ్‌వే అయితే, సాకెట్ గురించి మాట్లాడే ముందు ఈ విషయం తేల్చుకోవాలి. ఆ దీపాన్ని ప్లాస్టిక్ బాడీ ఉన్నదానితో మార్చడం లాంటి చిన్న పనులతో కొన్నిసార్లు దారి దొరుకుతుంది. భూమిలో ఉక్కు తీగల కవచం ఉన్న కేబుల్ వేస్తే, ఆ కవచాన్ని ఇంటి వైపు మాత్రమే ఎర్త్ చేసి, సాకెట్ వైపు దేనికీ తగలకుండా వదిలేయాలి. లేకపోతే ఆ కవచమే ఇంటి ఎర్త్‌ను నేరుగా బండి దాకా మోసుకొస్తుంది. అనుభవం లేని చేతుల్లో జరిగే పొరపాటు ఇది.

కేబుల్ మందం: 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ 25 మీటర్ల దూరానికి 16 ఆంప్‌లు మోస్తే సుమారు 7 వోల్టులు పడిపోతాయి. దాని తర్వాత 25 మీటర్ల హుక్అప్ కేబుల్ కూడా ఉంటుంది, అందులో ఇంకో ఏడు. తోట చివరి దాకా వెళ్లాలంటే 4 చదరపు మిల్లీమీటర్లది వేయించండి. కందకం తవ్వే ఖర్చు ముందు కేబుల్ తేడా చిన్నది.

సాకెట్ అక్కర్లేనివాళ్లు, కారు చార్జర్ ఉన్నవాళ్లు

బ్యాటరీ నిలబడితే చాలనుకునేవాళ్లు పైకప్పు మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్ పెట్టించుకుంటే, అలారం, ట్రాకర్ లాగే కొద్దిపాటి కరెంటుకు ఏడాదిలో ఎక్కువ నెలలు సరిపోతుంది. డిసెంబర్, జనవరిలో ఇక్కడి ఎండను నమ్ముకోలేం. ఆ రెండు నెలలు బ్యాటరీ విప్పి గ్యారేజీలో చార్జ్ చేసుకోవచ్చు. బరువు ఇరవై కిలోలు దాటుతుంది, నడుం జాగ్రత్త. ఇంటి ముందు చోటు లేక స్టోరేజీ సైట్‌లో పెట్టేవాళ్లకు కూడా ఇదే దారి.

ఎలక్ట్రిక్ కారు చార్జర్ గోడ మీద ఉంది కదా, దాని నుంచే తీసుకుందామా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ చార్జర్ బండితో సిగ్నల్ మాట్లాడితేనే కరెంటు వదులుతుంది. ఆ సిగ్నల్‌ను నటించే అడాప్టర్లు అమ్ముతున్నారు. వాటి జోలికి వెళ్లొద్దు. చార్జర్ వెనక బ్రేకర్ 32 లేదా 40 ఆంప్‌లది ఉంటుంది, మీ హుక్అప్ కేబుల్ 16 ఆంప్‌లది. కేబుల్ కాలిపోతున్నా ఆ బ్రేకర్ పడదు.

పని మొదలుపెట్టే ముందు

ఇంటి దస్తావేజుల్ని ఒకసారి తీసి చదవండి. కొత్త కాలనీల్లో చాలాచోట్ల డ్రైవ్‌వే మీద కారవాన్ నిలపకూడదన్న షరతు ఉంటుంది. సాకెట్ పెట్టించాక పక్కింటివాళ్లు చెబితే తెలిసే పరిస్థితి రాకూడదు.

ఇంగ్లండ్‌లో కొత్త సర్క్యూట్ వేయడం పార్ట్ పీ అనే ఇళ్ల విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం కౌన్సిల్‌కు తెలియజేయాల్సిన పని. ఎన్ఐసీఈఐసీ, నాపిట్ లాంటి సంస్థల్లో నమోదైన ఎలక్ట్రీషియన్ అయితే తానే ధ్రువీకరించి, సర్టిఫికెట్ వచ్చేలా చూస్తాడు. ఉన్న సర్క్యూట్‌కు ఒక సాకెట్ కలపడం ఇంగ్లండ్‌లో 2013 నుంచి ఆ జాబితాలో లేదు. వేల్స్, స్కాట్లండ్‌లలో నియమాలు వేరు. ఇల్లు అమ్మేటప్పుడు లాయర్ ఈ కాగితాలు అడుగుతాడు కాబట్టి భద్రంగా దాచుకోండి. తెలిసిన కుర్రాడితో వారాంతంలో చేయించుకునే పని మాత్రం కాదిది. ఎర్త్ నిరోధాన్ని కొలిచే మీటరు, దాన్ని చదవగలిగే మనిషి లేకుండా రాడ్డు దించడంలో అర్థం లేదు.

ఎలక్ట్రీషియన్‌ను ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న వేసి చూడండి: ‘మా ఇంటిది పీఎంఈ, కారవాన్ సాకెట్‌కి ఎర్త్ ఎలా ఇస్తారు?’ రాడ్డు గురించి, దూరాల గురించి తనంతట తానే మాట్లాడితే ముందుకు వెళ్లండి. ‘ఆర్‌సీడీ ఉంటే చాలు, ఏం కాదు’ అంటే మర్యాదగా పంపేసి, వేరే ఎలక్ట్రీషియన్‌ను చూసుకోండి. ధర ఎక్కువగా కేబుల్ ఎంత దూరం వెళ్లాలి, ఫ్యూజు బాక్సులో ఖాళీ ఉందా, నేల ఎలాంటిది అనే వాటి మీద ఆధారపడుతుంది. ఇల్లు చూడకుండా ఫోన్‌లో చెప్పిన రేటును పట్టించుకోవద్దు.

సాకెట్ వచ్చాక కేబుల్‌ను ముందు కారవాన్‌కి తగిలించి, తర్వాత గోడ సాకెట్‌కి పెట్టి స్విచ్చు వేయండి. తీసేటప్పుడు స్విచ్చు ఆపి, గోడ వైపు ముందు. ఆరు నెలలకొకసారి ఆర్‌సీబీవో మీద టెస్ట్ బటన్ నొక్కండి, బండి లోపలి ఆర్‌సీడీకి కూడా అదే పని చేయండి. రాడ్డు వానాకాలంలో దించినదైతే, నేల బాగా ఎండిన జూలై, ఆగస్టు నెలల్లో ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో నిరోధం మళ్లీ కొలిపించి, ఆ అంకెను సర్టిఫికెట్ మీద ఉన్న అంకెతో పోల్చి చూడండి.